ఇరవై ఆరు పాటల జాగా

మొన్నొక ఆదివారం బెండకాయలు తరుక్కుంటూ ఫోన్లో పాటలు పెట్టుకున్నాను. ‘ఆనంద్’ సినిమాలోది ఒకటి వచ్చింది, అయిపోయింది. పాటకీ పాటకీ మధ్య ఉండే ఆ కాస్త ఖాళీలో నా చెవి ఘంటసాల గారి గొంతు కోసం సర్దుక్కూర్చుంది. పుష్పవిలాపం రావాలి కదా మరి. రాలేదు. ఫోను తనకు తోచిన పాటేదో ఎత్తుకుంది. ఇంకో మెట్టు ఉందనుకుని కాలు వేస్తే నేల తగిలినట్టయింది నాకు. కత్తి పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాను.

‘ఆనంద్’ 2004లో వచ్చిన శేఖర్ కమ్ముల సినిమా. సంగీతం కె.ఎం. రాధాకృష్ణన్. పుష్పవిలాపం కరుణశ్రీ గారి పద్యాలు, ఘంటసాల పాడినవి. ఈ రెంటికీ ఏడేడు తరాల్లో చుట్టరికం లేదు. ఏ రేడియో వాళ్లూ, ఏ క్యాసెట్టు కంపెనీ వాళ్లూ వీటిని పక్కపక్కన కూర్చోబెట్టే సాహసం చెయ్యరు. కూర్చోబెట్టింది నేనే. 2005 ప్రాంతంలో, అమీర్‌పేటలో ఒక హాస్టల్ గదిలో ఉండే రోజుల్లో, పండక్కి ఊరెళ్లినప్పుడు. అందులో అభిరుచీ లేదు, ఆలోచనా లేదు. జాగా అక్కడ ఖాళీ అయింది, అంతే.

ఆ జాగా సంగతి చెప్పాలంటే ముందు ఆ వస్తువు గురించి చెప్పాలి.

ఎంపీత్రీ ప్లేయర్ అనేవాళ్లం. అగ్గిపెట్టెను నిలువునా సాగదీస్తే ఎంతుంటుందో అంత. మూత తీస్తే యూఎస్‌బీ మొన, రెండో చివర ఇయర్‌ఫోన్ కన్నం. మధ్యలో రెండు వరసల తెర, మీట నొక్కితే నీలంగా వెలిగేది. టీవీ రిమోట్లో వేసే సన్న సెల్లు ఒకటి వెయ్యాలి. మా హాస్టల్ హాల్లో టీవీ రిమోట్ ఎప్పుడు చూసినా ఎందుకు పని చేసేది కాదో వార్డెన్‌కి చివరిదాకా తెలియలేదు. రెండో నెల జీతంలో 2,400 పెట్టి కోఠీలో కొన్నాను. లోపల ఎంత పడుతుందో డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండేది: 128 ఎంబీ.

ఇప్పుడు మేనమామ కూతురి పెళ్లి వీడియో వాట్సాప్‌లో పంపితే అదే అంతకంటే ఎక్కువ తూగుతుంది. పైగా ఆ 128 కూడా నిండుగా ఉండేవి కావు. కంప్యూటర్‌కి తగిలిస్తే 122 చూపించేది. ‘మిగతా ఆరు ఏవండీ’ అని మళ్లీ కోఠీ వెళ్లి అడిగాను. “తరుగు సార్” అన్నాడు కొట్టాయన, కంసాలి చెప్పినంత నిబ్బరంగా.

లెక్క అందరికీ నోటికొచ్చేది అప్పట్లో. మామూలుగా దొరికే ఎంపీత్రీ పాట సెకనుకి 128 కిలోబిట్లు. అంటే సుమారుగా నిమిషానికి ఒక ఎంబీ. మన సినిమా పాట, పల్లవీ రెండు చరణాలూ మధ్యలో సంగీతమూ కలుపుకుని ఐదు నిమిషాలు. 122 ఎంబీలో ఇరవై ఆరు పాటలు పట్టేవి. ఇరవై ఏడోది పట్టేది కాదు. ఎంత బతిమాలినా పట్టేది కాదు. ‘డిస్క్ నిండిపోయింది’ అని ఒక పెట్టె ఎగిరొచ్చేది తెర మీదికి.

కాబట్టి శనివారం రాత్రి మా గదిలో పంచాయితీ జరిగేది. గదిలో నలుగురం. నలుగురం చందాలేసుకుని సికింద్రాబాద్ సీటీసీలో విడిభాగాలు కొని బిగించుకున్న కంప్యూటర్ ఒకటి, మంచాల మధ్య స్టూలు మీద. దాని డబ్బాకి మూత ఉండేది కాదు, వేడెక్కుతుందని తీసేశాం. హార్డ్ డిస్కులో ‘సాంగ్స్’ అనే ఫోల్డర్ నలుగురిదీ. అందులో పాటలు ఎక్కడెక్కడి నుంచి వచ్చి చేరాయో అడక్కండి. కోఠీ ఫుట్‌పాత్ మీద నూట యాభై పాటల సీడీలు అమ్మేవాళ్లు, ఇంటర్నెట్ సెంటర్లలో గంటకింతని కట్టి దింపుకునేవాళ్లు ఉండేవాళ్లు. ఆ రోజుల్లో అది తప్పని ఎవరికీ అనిపించలేదు. అనిపించి ఉండాల్సింది.

“ఏంట్రా, ఇవాళ ఎవరికి ఉద్వాసన?” అని అడిగేవాడు పై మంచం మీది కరీంనగర్ వాడు.

అదీ మాట. కొత్త పాట రావాలంటే పాతది పోవాలి. నేను ఒక నోటుబుక్కు వెనక పేజీలో పట్టిక గీసుకున్నాను. వరస సంఖ్య, పాట, నిమిషాలు, ఎంబీలు. వారమంతా బస్సులో వింటూ, ఏ పాట దగ్గర వేలు తెలీకుండా ‘నెక్స్ట్’ మీట మీదికి పోయిందో గుర్తు పెట్టుకుని, రాత్రి ఆ పాట పక్కన పెన్సిలుతో ఒక చుక్క పెట్టేవాణ్ణి. మూడు చుక్కలు పడితే ఉద్వాసనే. దీంతో నా గురించి నాకే కొన్ని సంగతులు బయటపడ్డాయి. నాకు చాలా ఇష్టమని నలుగురిలో చెప్పుకునే పాటలకి చుక్కలు టపటపా పడిపోయేవి. ఎవరికీ చెప్పుకోని పాటలు, పాడితే పరువు పోయే పాటలు, ఒక్క చుక్క కూడా లేకుండా నెలల తరబడి దర్జాగా కూర్చునేవి. సంగీతజ్ఞానం ఉన్నవాడిలా కనబడాలని ఎక్కించుకున్న ఒక కచేరీ కీర్తన పద్నాలుగు నిమిషాలు. మూడు సినిమా పాటల బరువు. దాన్ని నేను చివరిదాకా విన్నది రెండే రెండు సార్లు, ఆ రెండుసార్లూ పంజగుట్ట దగ్గర బస్సు కదలక. అయినా దాన్ని తియ్యడానికి నాలుగు వారాలు తటపటాయించాను. ఎవరైనా చెవిలో ఏముందని అడిగితే చెప్పుకోవడానికి ఉండాలి కదా.

కొన్ని పాటల్లో నాకు కావలసింది మొదట్లో వచ్చే వేణువు ఒక్కటే. కొన్నిట్లో రెండో చరణం ముందు వచ్చే వయొలిన్లు. దానికోసం ఐదు ఎంబీలు ఇవ్వాలా అనేది ప్రతి శనివారం తేలని వ్యాజ్యం. ఏడు నిమిషాల ఇళయరాజా పాట ఒకటా, మూడున్నర నిమిషాల పాత పాటలు రెండా? బాడుగ ఇంట్లో బీరువా పెట్టుకుంటే మంచం పట్టదు, మంచం వేసుకుంటే బీరువా పట్టదు. అలాంటి ఇరుకు అది.

పేర్ల గొడవ ఇంకొకటి. ఆ తెర మీద తెలుగు రాదు. ఫైలుకి తెలుగులో పేరు పెడితే డబ్బాలు డబ్బాలుగా వచ్చేది. ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయాలి, ఎవరి చిత్తం వచ్చినట్టు వాళ్లు రాసేవాళ్లు. ‘ప్రేమ’ అన్న మాటకి మా ఫోల్డర్లో నాలుగు రకాల స్పెల్లింగులు ఉండేవి, మేం నలుగురం కాబట్టి. ఇక పాట లోపల గాయకుడి పేరు ఉండాల్సిన చోట ఏదో వెబ్‌సైట్ పేరు ఉండేది. ఆ రెండు వరసల తెర మీద ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పాడుతుంటే వెబ్‌సైట్ పేరు కుడి నించి ఎడమకి పాకుతూ పోయేది. కొన్ని నెలలు ఓపిక పట్టి, ఒక ఆదివారం కూర్చుని అన్నీ చెరిపి, చిత్ర పాడిందాని పక్కన చిత్ర అనీ, బాలు పాడిందాని పక్కన బాలు అనీ రాశాను. ఎవరూ చూడని పని అది. చేశాక పండగ ముందు ఇల్లు కడిగినట్టు ఉండేది.

మన దగ్గర ఇలా ఉంటే, లోకంలో ఇదే లెక్క ఇంకా ముందు నుంచీ నడుస్తోంది. 1998లో వచ్చిన మొదటి ప్లేయర్లు, కొరియా వాళ్ల ఎంపీమ్యాన్, అమెరికాలో డైమండ్ రియో, వాటిలో పట్టేది 32 ఎంబీలే. అరగంట సంగీతం. 2001లో ఐపాడ్ ఐదు జీబీతో వచ్చి వెయ్యి పాటలు జేబులో అన్నది. మా ఆఫీసులో అమెరికా వెళ్లొచ్చిన ఒకాయన దగ్గర ఉండేది అది. అరచేతిలో పెట్టి చూపించాడు. అందరం గుండ్రంగా నిలబడి చూశాం. నాకు మాత్రం, వెయ్యి పాటలుంటే శనివారం రాత్రి ఈయనేం చేస్తాడా అనిపించింది. 2005 జనవరిలో అదే కంపెనీ షఫుల్ అని ఒక చిన్నది తెచ్చింది. దానికి తెరే లేదు, పాటలు కలగాపులగం చేసి వినిపించడాన్నే గొప్పగా చెప్పుకున్నారు. నా పద్ధతి సరిగ్గా దానికి అడ్డం. నాకు వరస కావాలి.

ఆ వరసలోనే ఉంది అసలు కథ. నా ప్లేయరుకి అక్షరక్రమం తెలీదు, సినిమా పేరు తెలీదు. మనం ఎక్కించిన వరసే దానికి వరస. ముందు ఎక్కింది ముందు పాడుతుంది. ఒకేసారి అన్నీ ఎంచుకుని మౌసుతో లాగితే, మనం పట్టుకుని లాగిన పాట ముందు వెళ్లి, మిగతావి దాని వెనక వెళ్లేవి. ఇది కనుక్కోవడానికి నాకు నెల పట్టింది. అంతకంటే విచిత్రం ఇంకోటి. మధ్యలో ఒక పాట తీసేసి కొత్తది వేస్తే, ఆ కొత్తది చివరికి పోదు. తీసేసిన పాట ఉన్న చోటే కూర్చుంటుంది. సిటీ బస్సులో మధ్య సీటు వాడు దిగిపోతే అప్పుడే ఎక్కినవాడు అందులో కూలబడినట్టు. అటూ ఇటూ ఉన్నవాళ్లు ఎవరో వాడికి అనవసరం.

ఎందుకలాగో ఉద్యోగంలో కాస్త ముదిరాక తెలిసింది. అది డాస్ కాలం నాటి ఫ్యాట్ పద్ధతి. పుస్తకానికి విషయసూచిక లాగా ఒక పట్టీ ఉంటుంది, గళ్లు గళ్లుగా. ఫైలు చెరిపెయ్యమంటే అది నిజంగా చెరపదు, పట్టీలో దాని పేరు మొదటి అక్షరం మీద ఒక గుర్తు వేసి ఊరుకుంటుంది. పాట లోపలే ఉంటుంది, ఇంకొకటి వచ్చి నెత్తిన కూర్చునేదాకా. కొత్త ఫైలు రాగానే పట్టీలో పైనుంచి వెతుక్కుంటూ వచ్చి, తన పేరు పట్టేంత ఖాళీ ఎక్కడ కనబడితే అక్కడ రాసుకుంటుంది. పొడుగు పేరుకి పదమూడు అక్షరాలకో గడి కావాలి, పైన ఇంకో గడి. పోయిన పాట పేరు పొట్టిదై, వచ్చిన పాట పేరు పొడుగుదైతే ఆ సందులో పట్టదు, వెళ్లి ఆఖరున నిలబడుతుంది. ఈ శాస్త్రమంతా తెలియకముందే, పేరు కత్తిరిస్తే పాట కావలసిన చోట కూర్చుంటుందని చేత్తో కనిపెట్టాను. మా అమ్మకి కుంకుడుకాయ రసాయనశాస్త్రం తెలియకపోయినా తల అంటడం తెలిసినట్టు.

అమ్మంటే గుర్తొచ్చింది. ఆ దసరాకి తెనాలి వెళ్లాను. సికింద్రాబాద్‌లో నారాయణాద్రి ఎక్కితే అర్ధరాత్రి వేళకి దిగుతాం. పొద్దున్నే అమ్మ ఆ బుల్లి వస్తువుని చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, “సుప్రభాతం ఉందా ఇందులో?” అని అడిగింది. లేదు. ఇరవై ఆరు పాటల్లో దేవుడి ఊసే లేదు. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం ఇరవై నిమిషాల పైచిలుకు, అంటే నాలుగు సినిమా పాటలు దిగితే గానీ ఆవిడకి చోటు దొరకదు. నేను తెలివి చూపించాను. హైదరాబాద్ తిరిగొచ్చాక ఆ ఫైలుని 64 కిలోబిట్లకి కుదించాను. సగం బరువు. రెండు పాటలు దించి ఆవిణ్ణి ఎక్కించాను. సంక్రాంతికి వెళ్లి అమ్మ చెవిలో పెట్టాను. రెండు నిమిషాలు శ్రద్ధగా వింది.

“ఏమిట్రా, ఆవిడకి జలుబు చేసిందా?” అంది.

నిజమే. తంబుర శ్రుతి మీద ఎవరో సన్న ఇసక చల్లినట్టుంది. ఎంపీత్రీ చేసే పనే అది. పెద్ద చప్పుడు పక్కన చిన్న చప్పుడు మనిషి చెవికి ఎలాగూ వినబడదు కదా అని దాన్ని వదిలేస్తుంది. 128 దగ్గర ఆ గారడీ మనకి పట్టుబడదు. 64 దగ్గర, అదీ ఒకసారి కుదించినదాన్నే మళ్లీ కుదిస్తే, మోసం బయటపడుతుంది. డప్పులూ డ్రమ్ములూ ఉన్న పాటలు కొంత ఓర్చుకుంటాయి. ఒంటిగొంతు ఓర్చుకోదు. ఈ పద్ధతిని తయారు చేసిన జర్మనీ ఇంజనీరు కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్ కూడా తన పనితనం పరీక్షించుకోవడానికి సుజాన్ వేగా అనే అమెరికా గాయని వాద్యాలు లేకుండా పాడిన పాటనే మళ్లీ మళ్లీ వాడాడట. ఆయనకి అంత కష్టపడి తెలిసింది మా అమ్మకి రెండు నిమిషాల్లో తెలిసింది. తిరిగొచ్చి ఇంకో రెండు సినిమా పాటలకి ఉద్వాసన చెప్పి, ఎమ్మెస్ గారికి పూర్తి జాగా ఇచ్చేశాను.

అదే సంక్రాంతికి నాన్న కూడా అడిగారు. నాన్న తెలుగు పండితులు, ఆ ఏడే రిటైరవబోతున్నారు. వరండాలో మడత కుర్చీలో కూర్చుని, “ఎన్ని పాటలు పడతయ్యిరా?” అన్నారు.

“ఇరవై ఆరు నాన్నా. రెండుంబావు గంటలు.”

ఒక్క క్షణం కళ్లు మూసుకున్నారు. “అంటే తొంభై క్యాసెట్టు ఒకటి, అరవైలో ముప్పాతిక. ఫరవాలేదే.”

ఆ లెక్క వినగానే నాకు ఎనిమిదో ఏడు గుర్తొచ్చింది. నాన్నతో రికార్డింగ్ సెంటర్‌కి వెళ్లడం మా ఇంట్లో ఒక యాత్ర. ముందు రాత్రి తెల్లకాగితం మీద పట్టిక రాసేవారు. సైడు ఏ, సైడు బి. పాట పక్కన సినిమా, సినిమా పక్కన నిమిషాలు. పాత పాటలన్నీ మూడు, మూడున్నర నిమిషాలని ఆయనకి ధైర్యం. 78 రికార్డు ఒక వైపుకి పట్టేది అంతే. అరవై క్యాసెట్టుకి ముప్పై నిమిషాలు ఒక వైపు, తొమ్మిది పాటలు. పద్యాలుంటే లెక్క మారుతుంది, రాగం తీసేవాడి ఊపిరిని బట్టి. కొట్లో గోడంతా రికార్డు అట్టలు, కింద రెండు డెక్కులు. కొట్టాయన మన కాగితం తీసుకుని మేకుకి గుచ్చి, “వారం తర్వాత రండి మాస్టారూ” అనేవాడు. ఇంటికి తెచ్చాక క్యాసెట్టు వెనకనున్న రెండు పలకలూ నాన్న పేనా మొనతో విరిచేసేవారు, ఎవరూ దాని మీద ఇంకోటి ఎక్కించకుండా.

లెక్క ఎంత జాగ్రత్తగా వేసినా సైడు ఆఖరి పాట తెగేది. మా ఇంట్లో ‘మాయాబజార్’ పాట ఒకటి రెండో చరణం సగంలో టక్కున ఆగిపోతుంది. 1957 నాటి సినిమా, లోకమంతా పూర్తిగా విన్న పాట. మా అమ్మ ఇప్పటికీ అంట్లు సర్దుతూ దాన్ని అక్కడిదాకా పాడి ఆపేస్తుంది. మిగతాది రాక కాదు.

“పుష్పవిలాపం పట్టుద్దా?” అన్నారు నాన్న. కరుణశ్రీ గారంటే ఆయనకి ప్రత్యేకం. మన గుంటూరు మనిషి, మాస్టారు కూడానూ.

పట్టదు. నిండుగా ఉంది. నోటుబుక్కు తీసి చుక్కలు చూశాను. పదో నంబర్లో రెండు చుక్కలున్న పాట ఒకటుంది. ఇంకో చుక్క పడితేగానీ నిబంధన ప్రకారం తియ్యకూడదు. దాని పేరు చెప్పను, దాని అభిమానులు ఇంకా ఉన్నారు. ఎదురుగా సందులో ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్లి, ఆ పాట తీసేసి, మాస్టారి అబ్బాయినని అక్కడి కుర్రాడు వెతికి ఇచ్చిన పుష్పవిలాపం ఎక్కించాను. పేరు కురచగా పెట్టాను. అది వెళ్లి సరిగ్గా పదో గడిలో కూర్చుంది. తొమ్మిది ‘ఆనంద్’. పదకొండు ‘వర్షం’లో దేవిశ్రీ ప్రసాద్ పాట, వానా చిందులూ ఉన్నది.

నాన్న ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం అదే మొదలు. ఎడం దాన్ని కుడికి పెట్టుకున్నారు. ఘంటసాల మొదలవగానే ఉలిక్కిపడి నాకేసి చూశారు. “ఎవరో నెత్తిలో కూర్చుని పాడుతున్నట్టుందిరా” అన్నారు గట్టిగా, తనకి వినబడుతోంది కాబట్టి ఊరందరికీ వినబడుతోందనుకుని. కళ్లు తుడుచుకున్నారు. ఆ పద్యాలకి ఆయన ఎప్పుడూ తుడుచుకుంటారు. తర్వాత ‘వర్షం’ మొదలైంది. ఆపడం ఆయనకి తెలీదు. అడగడానికి మొహమాటం. పాటంతా విన్నారు, పువ్వుల ఏడుపు కళ్లలో అలాగే ఉంచుకుని.

ఆ ఎండాకాలం ఒక ఉపద్రవం జరిగింది. పాట ఎక్కుతుండగా మా గదిలో ఒకడు, సెల్లు కోసమో దేనికోసమో, ప్లేయర్ని చటుక్కున పీకేశాడు. ‘సేఫ్లీ రిమూవ్’ నొక్కాలని గోడ మీద కాగితం అంటించి మరీ పెట్టాను. మళ్లీ తగిలిస్తే పాటల పేర్లన్నీ పిచ్చి గుర్తులై కనిపించాయి, ఒక్కొక్క ఫైలూ రెండు జీబీలని చూపిస్తోంది, 128 ఎంబీల డబ్బాలో. ఫార్మాట్ చెయ్యక తప్పలేదు. పాటలు పోలేదు, కంప్యూటర్లో ఉన్నాయి. పోయింది వరస. అన్నీ ఒకేసారి లాగేస్తే నాలుగైదు నిమిషాల పని. నేను నోటుబుక్కు తెరిచి ఒకటో నంబరు వేశాను, అది ఎక్కేదాకా ఆగాను, రెండు వేశాను. ఆ పాత యూఎస్‌బీ మీద పాటకి పదేసి సెకన్లు. ఇరవై ఆరు పాటలు, కాదు, సుప్రభాతంతో కలిపి ఇరవై మూడు. పీకేసినవాడు పక్కన కూర్చుని, “నీకు పిచ్చిరా” అన్నాడు. పదో నంబరు దగ్గర ఒకసారి ఆగాను. నాన్న తెనాలిలో ఉన్నారు, నాకు నెలకోసారి కూడా పుష్పవిలాపం అక్కర్లేదు. దాని పక్కన అప్పటికే మూడు చుక్కలు. వేశాను.

ఆ తర్వాత కథ తొందరగానే నడిచింది. 2008కి ఫోన్లోనే ఒక జీబీ కార్డు. ఆ మరుసటేడు నాలుగు. తీసెయ్యాల్సిన అవసరం తప్పింది, పట్టిక రాయడం ఆగింది. ఎప్పుడు ఆగిందో కూడా గమనించలేదు. ఏదో ఒక శనివారం రాత్రి మామూలుగా పడుకుని ఉంటాను.

నాన్నకీ ఫోను కొనిచ్చాం. తెనాలిలో ఆ రికార్డింగ్ సెంటర్ ఉన్న వీధిలోనే సెల్ కొట్లో మెమొరీ కార్డులో పాటలు ఎక్కించేవాళ్లు, కార్డుకింతని. ఈసారీ కాగితం తీసుకెళ్లారట. కొట్లో కుర్రాడు దాన్ని చూడను కూడా చూడకుండా, “పాతవి కావాలా తాతా” అని నాలుగొందల పాటలు ఒక్క ఊపులో పోసేశాడు. పండక్కి వెళ్తే నాన్న ఆ ఫోన్ని నా చేతికిచ్చి, “ఇందులో ఎక్కడుందో కనపట్టం లేదురా. అన్నీ ఉన్నయ్యి” అన్నారు. వెతికితే పుష్పవిలాపం మూడు చోట్ల ఉంది. ఒకటి సగంలో తెగిపోయి.

“నీ దగ్గర చిన్నదుండేది. అది వాడుతున్నావా?”

వాడటం లేదు. కొరియర్లో పంపాను, ఎనిమిది సెల్లులతో సహా. పాటలేమైనా మార్చమంటారా అని ఫోన్లో అడిగితే, వద్దు, ఉన్నవి ఉండనీ అన్నారు. రోజూ సాయంత్రం వాకింగ్‌లో అదే పెట్టుకునేవారట. రెండు మూడేళ్లు పని చేసింది. తర్వాత కుడి చెవి పోయింది, తర్వాత తెర మీద గీతలు వచ్చాయి, తర్వాత మేడ మీద భాగం కట్టించేటప్పుడు సామాన్ల సర్దుడులో అదే పోయింది. నోటుబుక్కు కూడా ఏ పాత కాగితాల వాడి సైకిల్ ఎక్కిందో.

ఈ ఉగాదికి తెనాలి వెళ్లాను. నాన్నకి డెబ్బై ఎనిమిది. హాల్లో పెద్ద టీవీ. రిమోట్ నోటి దగ్గర పెట్టుకుని, “ఘంటసాల పుష్పవిలాపం” అని స్పష్టంగా, వత్తులు ఒత్తి చెప్పారు. పండితులు కదా, యూట్యూబ్‌కి కూడా అచ్చు తప్పులుండవు. వరసగా పదో పన్నెండో వచ్చాయి. మొదటిది నొక్కారు. కళ్లు తుడుచుకున్నారు. పద్యాలు అయిపోయాయి. తెర మీద ఒక చక్రం తిరిగి, తర్వాతది దానంతట అది మొదలైంది. ఎవరిదో ప్రవచనం.

నాన్న రిమోట్ దించి, చిరాగ్గా నాకేసి తిరిగారు.

“ఇదేంట్రా? దీని తర్వాత ఆ వాన పాట కదూ వచ్చేది?”